మూగ గొట్టం మీద ఎట్టా ఊబెన్ ఫిర్యాదు

ఊప్‌వెరుమ్,
1767 సెప్టెంబరు 6

నా పేరు ఎట్టా ఊబెన్. వయసు డెబ్బై ఒకటి. ఊప్‌వెరుమ్ చర్చి ఆర్గన్‌కి బతికినన్నాళ్ళూ గాలితిత్తులు తొక్కిన ఫోల్కర్ట్ ఊబెన్ భార్యని. ఆయన పోయిన దగ్గర్నుంచి ఆ తిత్తులు నావి. ఇంట్లో నేను, నా ఆడపడుచు ఫెన్నా, ఒక పాలగొర్రె.

ఒరేయ్ హార్మ్, ఇదంతా నీకు తెలియదని కాదు. నా చెల్లెలు పోయాక నిన్ను పెంచినదాన్ని, నా పేరు నీకు చెప్పుకోవాలా? కానీ ఇది క్షేమసమాచారం కాదు, ఫిర్యాదు. ఫిర్యాదన్నాక పేరూ, వయసూ, ఇంట్లో ఎవరున్నారో చెప్పి మొదలుపెట్టాలని మన బడి మాస్టారు రెమ్మెర్ అంటున్నాడు. నాకు అక్షరం ముక్క రాదు కాబట్టి రాస్తున్నది ఆయనే. ఫిర్యాదు ఆయన మీదే అయ్యేట్టుంది. అయినా ఆయనే గతి. పాదిరిగారిని రాయమంటే ఉత్తరం కాస్తా ప్రసంగమైపోతుంది.

విను. తొమ్మిదేళ్ళ కిందట నువ్వు మన చర్చిలో కొత్త ఆర్గన్ కట్టినప్పుడు గొట్టాలు పోత పోయడానికి ఇంటింటికీ తిరిగి తగరం అడిగావు. ఊరంతా వంకర చెంచాలూ చిల్లు గిన్నెలూ ఇచ్చింది. నేను నా పెళ్ళినాటి పళ్ళేలన్నీ ఇచ్చాను. అప్పటికి ఏడాది కిందటే పోయిన మీ పెదనాన్న బీరు తాగే మూతకూజా కూడా ఇచ్చాను. నువ్వేమన్నావు? "పెద్దమ్మా, నీ తగరం ఆర్గన్ ముందు వరసలో, దాని కుడి బురుజు నడుమ, ఊరంతా చూసేలా నిలబడుతుంది" అన్నావు. నిలబడింది. ఒక ఆదివారం నేను తొక్కుతాను, ఒక ఆదివారం ఫెన్నా తొక్కుతుంది. నా వంతు కాని వారం మూడో బల్ల మీద కూచుని, ఆ లోతైన గొంతు మోగినప్పుడల్లా పక్కవాళ్ళని మోచేత్తో పొడిచి, "అదిగో, మాది" అనేదాన్ని.

మొన్న పొరుగింటి స్వాంట్యె అల్లుడు, ఆ వడ్రంగి, బురుజు పైన ఊడిన చెక్కపూలు అతికించడానికి నిచ్చెన వేసుకుని ఎక్కాడు. దిగి వచ్చి అత్తకి చెప్పాడు. ఆవిడ చేపలబండి దగ్గర, నలుగురూ ఉండగా, నా మొహం మీద అన్నది: "ఎట్టా, నీ గొట్టం కాలికి కన్నమే లేదట. గాలి పోయే దారే లేదట. నీ నోట్లో సగం దానికి ఇవ్వకపోయావా?"

స్వాంట్యెతో నా తగువు మా ఇద్దరి పెళ్ళిళ్ళ కంటే పాతది. దాన్ని పక్కన పెట్టు. ఆ కన్నం ఎవడు మూశాడు? నువ్వు చేసే పని కాదని నాకు తెలుసు. నువ్వు వెళ్ళాక ఎవడో మాటు పెట్టి పూడ్చేశాడు. ఆర్గన్ వాయించేది మాస్టారే, దాని తాళం ఉండేదీ ఆయన దగ్గరే. అడిగితే, "నేను కాదు తల్లీ" అంటూ చెవులదాకా ఎర్రబడ్డాడు. అది దొంగ ఎరుపా, మామూలు ఎరుపా అన్నది నువ్వే తేల్చాలి. సంఘ పెద్దలకి వెంటనే రాయి.

మీ పెద్దమ్మ గుర్తు: గుండ్రంగా ఒక గీత. అది పళ్ళెం.
సాక్షి: రెమ్మెర్, రాసినవాడు. పూడ్చినవాడు మాత్రం కాదు.


నదికి ఆవల,
సెప్టెంబరు 27

పెద్దమ్మకి హార్మ్ రాస్తున్నాను.

నీ ఉత్తరం పడవవాడు తడి చేపల మధ్య పెట్టి తెచ్చాడు. చదువుతున్నంతసేపూ నీ గొంతు వినిపించింది, చేపల వాసనా వచ్చింది. నేను బాగున్నాను. ఇక్కడ మూడు పూటలా పొగపెట్టిన, పాములాంటి మలుగు చేపే. ఇంకో వారం ఇలాగే తింటే నేనూ గొట్టం లోంచి దూరి అవతలకి రాగలను. ఇక్కడి పాదిరిగారికి ఆర్గన్ మోగడం గురించి బెంగ లేదు. దాని మీద నిలబెట్టే చెక్క దేవదూతల బుగ్గలు ఇంకాస్త ఉబ్బాలట.

పెద్దమ్మా, మాస్టారిని వదిలెయ్యి, పాపం. ఆ గొట్టాన్ని ఎవరూ పూడ్చలేదు. అది పుట్టుమూగ. నేనే అలా కట్టాను.

ఎడమ బురుజులో ఉన్న పెద్ద గొట్టానికి మాస్టారి వేళ్ళ కింద ఒక మెట్టు ఉంది. అది నొక్కితే గాలి వెళ్ళి మోగుతుంది. కుడి బురుజులో దానికి జోడు లేకపోతే ఆర్గన్ ఒంటికంటి మనిషిలా ఉంటుంది. అందుకని చూపుకి జోడు నిలబెడతాం. దానికి మెట్టు ఉండదు. మెట్టు లేనిదానికి గాలెందుకు? మా పనిలో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి నీకు చెప్పాలని తోచనేలేదు. ఆవు గుడ్డు పెట్టదని ఎవరైనా పనిగట్టుకుని చెబుతారా?

ఇంకో మాట. నిన్ను తక్కువ చేసి ఆ చోటు ఇవ్వలేదు. మేము మెరిసే తగరం ముందుకి పెడతాం, మసకది లోపలికి తోస్తాం. ఊరందరి గిన్నెల్లోకీ నీ పళ్ళేలు మేలైనవి, రుద్దితే వెండే. అందుకే వాటిని విడిగా కరిగించి, పెదనాన్న కూజాతో సహా, ఆ ఒక్క గొట్టానికే పోశాను. స్వాంట్యెగారి చెంచాల్లో సగం సీసమే. అవి జనానికి కనబడకుండా లోపలి చిన్న గొట్టాల్లోకి పోయాయి. ఈ మాట ఆవిడకి చెప్పి నువ్వు కాస్త సంతోషపడు.

ఫెన్నా అత్తయ్య మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

నీ హార్మ్


ఊప్‌వెరుమ్,
అక్టోబరు 11

ఒరేయ్ హార్మ్,

సంతోషపడమన్నావు. చాలా సంతోషంగా ఉంది. మాస్టారు నీ ఉత్తరం చదువుతున్నప్పుడు కిటికీ తెరిచి ఉంది. కిటికీ అవతల స్వాంట్యె గుడ్డలు ఆరేస్తోంది. సగం సీసం అన్నచోట దాని మొహం మాడింది. లోపలి చిన్న గొట్టాల్లోకి పోయాయి అనగానే వెలిగిపోయింది. "అయితే నావి పాడతాయన్నమాట!" అంది. ఆ రోజు నుంచి ఆర్గన్‌లో పిట్టకూతలా ఏది వినబడినా, "అది నా చారు చెంచా, ఇది నా చిన్న చెంచా" అని ఊరంతా చెప్పుకు తిరుగుతోంది.

ఇదేం న్యాయంరా? దాని సీసం చెంచాలు పాడతాయి, నా వెండిలాంటి పళ్ళేలు నోరు మూసుకుని నిలబడతాయా? మెరుస్తుందని ముందు నిలబెట్టావా! నేనేమైనా పెళ్ళిచూపులకి పంపానా దాన్ని?

నీకు గుర్తుందో లేదో, మీ పెదనాన్నకి పాటంటే ప్రాణం. తిత్తులగది గోడ వెనక కనబడకుండా తొక్కుతూ కూడా పాడేవాడు. ఊరంతా ఒక స్వరంలో ఉంటే ఆయన దానికి వెంట్రుకవాసి కింద ఉండేవాడు. పైకి ఎక్కడు, కిందికి దిగడు. ఆ ఒక్క గొంతుకీ కీర్తన మొత్తం వణికేది. పాత పాదిరిగారు వేదిక మీంచి కేకేసేవారు: "ఫోల్కర్ట్, నువ్వు తొక్కవయ్యా, పాడకు!" జనం నవ్వేవారు. ఈయన వచ్చే ఆదివారం మళ్ళీ పాడేవాడు. ఎవరెన్నిసార్లు వద్దన్నా పాడిన మనిషి కూజాని తీసుకెళ్ళి నువ్వు మూగదాన్ని చేశావు.

కాబట్టి నా తీర్మానం ఇది. నా గొట్టానికి లేని గాలి ఏ గొట్టానికీ లేదు. మొన్న ఆదివారం ఫెన్నా వెళ్ళి తిత్తుల మీద కూచుంది. తొక్కలేదు, కూచుంది. ఫెన్నా కూచుంటే లేపగలవాడు ఈ గట్టు పొడుగునా లేడు. నేను పక్కన మేజోడు అల్లాను. మాస్టారు మెట్లు నొక్కుతూనే ఉన్నాడు, టకటకమని చెక్క చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు వచ్చారు.

"ఎట్టా, ఇది దేవుడి ఆర్గన్."

"గాలి ఎవరిది?"

"గాలీ దేవుడిదే."

"అయితే ఆయన్నే తొక్కమనండి."

ఈ మాట రాయనని మాస్టారు కలం కింద పెట్టాడు. రాస్తేగాని టీలోకి మీగడ లేదన్నాను. రాశాడు.

గుర్తు: పళ్ళెం. ఈసారి గట్టిగా నొక్కి గీశాను.
సాక్షి: రెమ్మెర్, మీగడ వేసిన టీతో.


నదికి ఆవల,
అక్టోబరు 30

పెద్దమ్మకి,

సంఘ పెద్దలు నాకు విడిగా రాశారు. "మీ పెద్దమ్మగారు తిత్తుల మీద మేజోళ్ళు అల్లుతున్నారు, రెండో జత కూడా అయిపోవచ్చింది" అని. ఇక్కడ మావాళ్ళకి చదివి వినిపిస్తే కొలిమి దగ్గర పని ఆగిపోయింది, నవ్వి నవ్వి. నేను మాత్రం పైకి నవ్వి లోపల భయపడ్డాను. క్రిస్మస్‌కి ముందు నువ్వు దిగకపోతే తిత్తులు ఇంకొకరికి అప్పజెబుతారట. ఫోల్కర్ట్ ఇంటి పని పరాయివాళ్ళకి పోతే నువ్వే తట్టుకోలేవు.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాక అర్థమైంది, నీ ప్రాణమంతా ఆ పళ్ళేల మీదే ఉందని. తొమ్మిదేళ్ళుగా చెక్కగిన్నెల్లో తింటున్నావని నాకెందుకు తట్టలేదో! ఈ పడవలోనే పంపిస్తున్నాను, ఆరు పళ్ళేలు, కొత్తవి, నీ పాతవాటికి తీసిపోనివి. గడ్డిలో చుట్టి ఉంటాయి, జాగ్రత్తగా విప్పించు. బీరువాలో నిలబెట్టి స్వాంట్యెగారిని టీకి పిలు. ఆవిడ కళ్ళు కుట్టాక తిత్తుల దగ్గరికి వెళ్ళు, నా తల్లివి కదూ.

నీ హార్మ్


ఊప్‌వెరుమ్,
నవంబరు 15

హార్మ్,

పళ్ళేలు వచ్చాయి. బాగున్నాయి. తిప్పి పంపేదాన్నే, కానీ నేను చూసేలోపు ఫెన్నా ఒకదాంట్లో అంబలి పోసుకుంది.

నేను పళ్ళేలు అడిగానట్రా? గొంతు అడిగాను. చెక్కగిన్నెలో తింటే నాకేం లోటు? ఆ పాడు సామాను ఇచ్చి నా నోరు మూయిద్దామనుకున్నావు. అంత చిన్నదానిగా కనబడ్డానా నీకు?

సరే, ఎవరికీ చెప్పనిది చెబుతాను. మాస్టారూ, ఇది రాసి మరిచిపో. నాకు చెవులు పోతున్నాయి. మా గొర్రె మెడలో గంట వినబడ్డం మానేసి చాలా రోజులైంది. ఆర్గన్‌లో స్వాంట్యె చెంచాలు పాడుతున్నాయో లేదో నాకు తెలియనే తెలియదు, అది చెబితే తలాడిస్తున్నాను. పెద్ద గొట్టాలు మాత్రం అందుతాయి. చెవిలోంచి కాదు. నేలలోంచి బల్లలోకి, బల్లలోంచి వెన్నులోకి వస్తాయి. ఇన్నేళ్ళూ అలా వచ్చింది మీ పెదనాన్న అనుకున్నాను. అది ఎడమ బురుజుదట. పరాయివాడి గొంతు విని పక్కవాళ్ళని మోచేత్తో పొడిచానన్నమాట. ఈ చలికాలం దాటితే ఆ బల్ల వణుకు కూడా నాకు అందుతుందో లేదో. అందుతుండగానే ఒక్కసారి ఆ కూజా మోగాలి. అంతే నా దావా. పళ్ళేలు కాదు, పంతమూ కాదు. పంతం కొంచెం ఉంది.

ఇక్కడి సంగతులు. క్రిస్మస్‌దాకా ఆగలేక పెద్దలు, ఒక ఆదివారం ఫెన్నా వెళ్ళి కూచునేలోపే, తిత్తులు తొక్కడానికి మిల్లువాడి తమ్ముణ్ణి తెచ్చారు. వాడు పీపాలో క్యాబేజీ ఊరగాయ తొక్కినట్టు ధబధబా తొక్కాడు. ఆర్గన్ పంది మీద బండి ఎక్కినట్టు అరిచింది. పాదిరిగారు చెయ్యెత్తి ఆపించారు. తరవాతి వారం ఆర్గన్ లేకుండానే కీర్తన ఎత్తుకున్నారు. మగవాళ్ళ బల్లలు మూడో చరణంలో ఉండగా ఆడవాళ్ళు ఆమెన్ అనేశారు.

ఆ సాయంత్రం స్వాంట్యె మా ఇంటికి వచ్చింది. నలభై ఏళ్ళలో మొదటిసారి.

"ఫిబ్రవరిలో నా మనవరాలి పెళ్ళే. ఆర్గన్ లేకుండా అది ఏడుస్తూ నడవాలా?"

"నీ చెంచాల్ని పాడమను."

"గాలి లేనిదే ఎలా పాడతాయే, మొండిదానా!"

"అదే నేనూ చెబుతున్నది."

లేచి పొయ్యి ఎగదోశాను. చక్కెర గడ్డ వేసి టీ ఇచ్చాను. రెండో గిన్నె తాగుతూ అంది: "నిజమేలే. పెట్టినదానికి నోరుండాలి." మర్నాడు పొద్దున్నే వెళ్ళి పెద్దలతో నా తరఫున పోట్లాడింది. నా తరఫున దాని నోరు వినడం ఎంత హాయిగా ఉందనుకున్నావు!

గుర్తు: పళ్ళెం.
సాక్షి: రెమ్మెర్. చెవుల సంగతి మరిచిపోయాను.


నదికి ఆవల,
నవంబరు 26

పెద్దమ్మా,

ఆ చెవుల మాట మొదటి ఉత్తరంలోనే చెప్పి ఉంటే ఆరు పళ్ళేలు మిగిలేవి. వస్తున్నాను. కాలవలు గడ్డకట్టేలోపు ఒక్క పడవ ఉంది, దాంట్లోనే వచ్చి దాంట్లోనే తిరిగి వెళ్ళాలి.

ఇలా చేద్దాం. గొట్టం కాలికి కన్నం పొడుస్తాను, మూతి దగ్గర పెదవి కోసి తెరుస్తాను. దానికి సొంత మెట్టు లేదు కాబట్టి ఎడమ బురుజు పెద్దాయన గాలిలోంచే వెనక నుంచి ఒక సీసపు గొట్టం లాగి దీనికి కలుపుతాను. మాస్టారు ఎడమ చివర, అన్నిటికంటే కింది మెట్టు నొక్కితే ఇద్దరూ మోగుతారు.

ఒక్కటే చిక్కు. ఒకే ఊపిరి ఇద్దరు పెద్దవాళ్ళు పంచుకోవాలి. వాళ్ళకి పడుతుందో పడదో కట్టి చూస్తేగాని చెప్పలేను. పెద్దలకి రాశాను, ఒప్పుకున్నారు. స్వాంట్యెగారు పక్కన నిలబడి ఒప్పించినట్టుంది.

ఫెన్నా అత్తయ్యని తిత్తుల మీంచి లేచి నిలబడమను. బక్‌వీట్ అట్లు వేయమను. మలుగు చేప కనబడనివ్వకండి.

హార్మ్


నదికి ఆవల,
1768 జనవరి 10

పెద్దమ్మకి,

క్షేమంగా చేరాను. పడవ ముందు మంచు పలకలు పగలగొట్టుకుంటూ వచ్చాం. చేతులు ఇంకా పూర్తిగా కరగలేదు.

ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది. నిచ్చెన కింద స్వాంట్యెగారు, పైన నేను, ఇద్దరి మీదా కేకలేస్తూ నువ్వు. పెదవి కోసి మొదటిసారి గాలి వదిలితే ఈనలేని ఆవులా మూలిగింది. నువ్వేమో, "దగ్గు తీర్చుకోనీరా, తొమ్మిదేళ్ళు నోరు మూసుకుంది" అన్నావు. గొంతు పూర్తిగా సర్దేలోపే పడవవాడు బూర ఊదాడు. ఖాళీ చర్చిలో ఒక్కసారి విని, పరుగెత్తాను.

ఇప్పుడు గడ్డకట్టిన కాలవ మీద నడిచి వచ్చినవాడి చేత మాస్టారి ఉత్తరం వచ్చింది. ఖాళీ చర్చిలో వాయించి చూశాడట. ఆ మెట్టు ఒంటరిగా మోగిస్తే బాగానే ఉందట గానీ, కీర్తన మధ్యలో కింది మెట్టు నొక్కితే ఆర్గన్ మొత్తం ఊగుతోందట. గాలిలో గుడ్డ ఆడినట్టు. నాకు తెలుసు అదేమిటో. ఊపిరి చాలక నీ గొట్టం దాని జోడు కంటే వెంట్రుకవాసి కింద మోగుతోంది. రెండూ దగ్గరదగ్గరగా ఉండి కలవకపోతే వణుకు పుడుతుంది. పనివాడికి ఇంతకంటే తలవంపు లేదు. రొట్టెలో రాయి వదిలి వెళ్ళినట్టు.

మంచు కరగగానే వస్తాను. పైనుంచి వేలెడు మందం కత్తిరిస్తే చాలు, స్వరం పైకి లేచి జోడుతో కలిసిపోతుంది. గీత గీసినంత సూటిగా ఉంటుంది. అందాకా ఆ మెట్టు ముట్టుకోవద్దని మాస్టారికి చెప్పు. పెళ్ళిలో మరీ జాగ్రత్త. నా మీద కోపం తెచ్చుకోకు, పెద్దమ్మా.

హార్మ్


ఊప్‌వెరుమ్,
ఫిబ్రవరి 14

నా పేరు ఎట్టా ఊబెన్. వయసు డెబ్బై రెండు నడుస్తోంది. ఇంట్లో నేను, నా ఆడపడుచు ఫెన్నా, రెండు పాలగొర్రెలు. రెండోది స్వాంట్యె ఇచ్చింది. ఇది కూడా మామూలు ఉత్తరం కాదు, అందుకే మళ్ళీ పేరుతో మొదలుపెట్టాను.

ఒరేయ్ హార్మ్, ఆ కత్తెర కింద పెట్టు.

ఆ మెట్టు ముట్టుకోవద్దన్న నీ మాట మాస్టారు నాకు చదివి వినిపించాడు, ఇంకెవరికీ చెప్పలేదు. పెళ్ళిరోజు పొద్దున్న, "ఏం చెయ్యమంటావు తల్లీ?" అని అడిగాడు. "నొక్కు" అన్నాను. "హార్మ్ పరువు పోతుందేమో." "నొక్కు. పెంచినదాన్ని, వాడి పరువు నేను చూసుకుంటాను."

నేను మూడో బల్ల మీద కూచున్నాను, కాళ్ళ కింద నిప్పుల పెట్టె పెట్టుకుని. స్వాంట్యె వచ్చి తన వాళ్ళందరినీ వదిలి నా పక్కన కూచుంది. తిత్తుల దగ్గర ఫెన్నా. పెళ్ళికూతురు నడిచింది. కీర్తన ఎత్తుకున్నారు. నోళ్ళు ఆడుతున్నాయి, నాకు పెద్దగా ఏమీ అందడం లేదు. రెండో చరణం చివర మాస్టారి ఎడమచెయ్యి కిందికి వెళ్ళడం చూశాను.

ముందు నిప్పుల పెట్టె గలగలలాడింది. తరవాత బల్ల. నాకు తెలిసిన ఆ పాత వణుకు వచ్చింది, ఎడమ బురుజుది, సూటిగా. దాని పక్కనే, దాని కింద, వెంట్రుకవాసి కింద, ఇంకోటి వచ్చింది. పైకి ఎక్కదు, కిందికి దిగదు. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ నా వెన్నులో ఊగాయి. ఎవరు వద్దన్నా ఆగని మనిషి ఆయన, నాకు తెలియదూ?

నేను తల తిప్పలేదు. స్వాంట్యె నా చెయ్యి పట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. జనమంతా తిత్తులగది గోడవైపు చూసి విరగబడి నవ్వుతున్నారు, పెళ్ళికూతురితో సహా. "ఏమైందే?" అన్నాను. అది నా చెవిలో నోరు పెట్టి అరిచింది: "ఫెన్నా గోడ వెనక నుంచి కేకేసింది! 'ఒరే ఫోల్కర్ట్, నువ్వు తొక్కరా, పాడకు!' అని."

అది విని మాస్టారు ఆ మెట్టు వదలకుండా ఉంచేశాడు. పాదిరిగారు కూడా ఆపమనలేదు.

కాబట్టి రాయి మాస్టారూ, పెద్ద అక్షరాలతో. కుడి బురుజు నడుమ గొట్టాన్ని ఎవరూ పొట్టి చెయ్యకూడదు, సరి చెయ్యకూడదు, జోడుతో కలపకూడదు. నేనున్నా లేకపోయినా అది అలాగే వెంట్రుకవాసి కింద పాడాలి. దాన్ని తప్పు అన్నవాణ్ణి ముందు ఫెన్నా పక్కన కూచోబెట్టండి.

నువ్వు మంచు కరిగాక రా, కత్తెర లేకుండా రా. పళ్ళేలు ఉన్నాయి, అట్లు వేస్తాను.

ఎట్టా ఊబెన్ గుర్తు: ఒక పళ్ళెం, దాని పక్కన నిలువుగా ఒక గొట్టం.
సాక్షులు: రెమ్మెర్, బడి మాస్టారు, ఆర్గన్ వాయించేవాడు.
స్వాంట్యె మార్టెన్స్, పొరుగింటావిడ. ఇన్నాళ్ళూ అడ్డగీత పెట్టేది, ఇకనుంచి ఆవిడ గుర్తు: ఒక చెంచా.